రెండు కంపెనీల ఇల్లు

లార్క్‌ఫీల్డ్ మోటార్స్‌నీ డెన్‌బ్రూక్ కంపెనీనీ కలిపేస్తున్నారన్న వార్త మే నెలలో ఒక మంగళవారం పొద్దున వచ్చింది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఆ మాట ఎత్తింది మా అమ్మాయి వేద ఒక్కతే.

"నాన్నా, నీకు ముందే తెలుసా?" అంది, పప్పులో నెయ్యి వేసుకుంటూ.

కేశవ తలెత్తలేదు. "తెలిసినా చెప్పను, తెలియకపోయినా చెప్పను. ఆ ఆవకాయ ఇటివ్వు" అన్నాడు.

నేను నవ్వేశాను. నాకు అందులో వింతేమీ కనబడలేదు. నేను లార్క్‌ఫీల్డ్‌లో ఇంజనీర్‌ని. కేశవ డెన్‌బ్రూక్‌లో ప్లాంట్ల ఖర్చులు చూస్తాడు. డెట్రాయిట్‌లో కలిసి ఎమ్మెస్ చదువుకున్నాం, పెళ్ళి చేసుకున్నాం, తర్వాత ఒకదానికొకటి పోటీ అయిన రెండు కంపెనీల్లో ఉద్యోగాలు తెచ్చుకున్నాం. ఇంకా బయటికి రాని కారు గురించి ఇంట్లో మాట్లాడకూడదని కాపురం పెట్టిన కొత్తలోనే అనుకున్నాం. మిషిగన్‌లో ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. కేశవని తీసుకురావడానికి డెన్‌బ్రూక్ ఆఫీసుకి వెళ్తే నా లార్క్‌ఫీల్డ్ కారు ముందు పార్కింగ్ లాట్‌లో పెట్టనివ్వరు. వెనకాల పరాయి కంపెనీ బళ్ళకి వేరే లాట్ ఉంటుంది, అక్కడ పెట్టి మంచులో నడుచుకుంటూ రావాలి. కేశవ మా ఆఫీసుకొస్తే తనకీ అంతే. దాని మీద ఇద్దరం జోకులేసుకునేవాళ్ళం.

లార్క్‌ఫీల్డ్ చేతులు మారడం కూడా నాకు కొత్త కాదు. నేను చేరినప్పుడు అది యూరప్ కంపెనీ ఒకదాని కింద ఉండేది. వాళ్ళు విసిగిపోయి ఏదో ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్‌కి అమ్మేశారు. ఇప్పుడు డెన్‌బ్రూక్. ప్రతిసారీ గోడ మీద బోర్డూ మెడలో బ్యాడ్జీ మారాయి. లివోనియా ఇంజనీరింగ్ సెంటర్‌లో రెండో అంతస్తులో కిటికీ పక్కన నా బల్ల మాత్రం మారలేదు. కారు ఫ్రీవే మీద వేగంగా పోతున్నప్పుడు తలుపు సందుల్లోంచి గాలి ఈల వేస్తుంది చూడండి, అది లేకుండా చేయడం మా టీమ్ పని. నాతో కలిపి తొమ్మిది మందిమి, మేనేజర్‌ని నేను. మూడేళ్ళుగా ఒకే కొత్త కారు మీద పనిచేస్తున్నాం, వచ్చే వసంతంలో అది రోడ్డెక్కాలి.

టీమ్‌లో కావ్యశ్రీ అని రాజమండ్రి అమ్మాయి ఉండేది. ముప్పై దాటాయి, హెచ్‌వన్ వీసా మీద ఉంది, ఐదేళ్ళ కూతురు. మాట చురుకు. ఆ మంగళవారం లంచ్‌లో కంపెనీ పంపిన ప్రకటన చదివి, "సమానుల కలయిక అంట జయంతిగారూ. చాలా మర్యాదస్తుల పెళ్ళి. మరి ఇంటిపేరు ఎవరిది ఉంటుందో చూడాలి" అంది. అందరం నవ్వుకున్నాం.

* * *

జూన్‌లో నార్త్‌విల్‌లో ఒక ఇల్లు చూశాం. చూశాం అంటే, నేను ముందు రెండుసార్లు చూసి, మూడోసారి కేశవని లాక్కెళ్ళాను. మేం కాంటన్‌లో టౌన్‌హౌస్‌లో ఉంటున్నాం. గోడకవతల వాళ్ళు మిక్సీ వేస్తే మాకు వినిపిస్తుంది. వేదకి హైస్కూల్ ఇంకో రెండేళ్ళే. అది కాలేజీకి వెళ్ళిపోయేలోగా కాస్త పెరడున్న ఇంట్లో ఉండాలని నాకు కోరిక. ఆ ఇంటి వెనక నేల వాలుగా దిగి చిన్న వాగు దాకా వెళ్తుంది. గోంగూర ఎక్కడ వేయాలో కూడా చూసేసుకున్నాను.

కేశవ ఇల్లంతా తిరిగాడు. బేస్‌మెంట్‌లోకి దిగి ఫర్నెస్ చూశాడు. ఏజెంట్‌తో మర్యాదగా మాట్లాడాడు. కార్లో కూర్చున్నాక, బెల్ట్ పెట్టుకుంటూ, "వద్దు జయంతీ" అన్నాడు.

"ఏం బాలేదు?"

"బానే ఉంది. ఈ ఏడాది వద్దు."

"పోయినేడాదీ ఇదే మాటన్నావు."

"అన్నాను."

"కారణం చెప్పవా?"

"వద్దంటున్నాను కదా" అన్నాడు. రోడ్డు వంకే చూస్తూ, ఎన్నడూ లేని గొంతుతో, "లోన్‌కి ఇద్దరం సంతకం పెట్టాలి. నేను పెట్టను" అని ముగించాడు.

మా కేశవ కొంచెం పిసినారి. టైర్లు నున్నగా అయ్యేదాకా మార్చడు. ఇదీ ఆ గుణమే అనుకున్నాను. "నీకు పెళ్ళాం పిల్లా కూడా ప్లాంటు లెక్కల్లాగే కనిపిస్తారు" అన్నాను. మామూలుగా అయితే ఏదో ఒకటి తిప్పికొట్టేవాడు. ఆ రోజు ఆ మాట పడ్డాడు.

ఇల్లు వారంలో వేరేవాళ్ళు కొనుక్కున్నారు. ఆ తర్వాత ఇద్దరం అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. వేదని ప్రాక్టీస్‌కి ఎవరు డ్రాప్ చేస్తారు, పాలు ఉన్నాయా, లాంటివి. ఒక రోజు వేద ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి, "మీ ఇద్దరూ ఫైట్ చేసుకోవచ్చు కదా? ఇల్లు లైబ్రరీలా ఉంది" అంది.

* * *

జూన్ చివర్లో నాకు ఒక ఆఫర్ వచ్చింది. ఆబర్న్ హిల్స్‌లో కారు తలుపులకి రబ్బరు సీళ్ళు చేసే కంపెనీ. అక్కడి డైరెక్టర్‌కి నా పని పదేళ్ళుగా తెలుసు. చీఫ్ ఇంజనీర్ పోస్ట్. నా వయసు వాళ్ళకి అలాంటివి రెండోసారి రావు.

ఊగిసలాడాను. కానీ అంతకు ముందు వారమే మా ప్రెసిడెంట్ అందర్నీ కెఫెటీరియాలో కూర్చోబెట్టి, లివోనియా సెంటర్ ఎక్కడికీ పోదని మాటిచ్చాడు. మా బాస్ లిండా కోవల్‌స్కీ, ముప్పై ఏళ్ళుగా లార్క్‌ఫీల్డ్‌లోనే ఉన్న మనిషి, "ఈ కారు బయటికి పంపించి వెళ్ళు జయంతీ, సగంలో వదిలేయకు" అని నా చెయ్యి పట్టుకుంది. ఆమెకీ అప్పటికి ఏమీ తెలియదని తర్వాత అర్థమైంది. మూడేళ్ళు కష్టపడ్డ కారు. వదిలేసి పోవడం నాకూ మనసొప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటి వెనక చెక్క డెక్ మీద కేశవ బంగినపల్లి కోస్తున్నాడు. ఇండియన్ స్టోర్‌లో పెట్టె తెచ్చాడు. వేద ముక్కలు కోసినవి కోసినట్టే ఫోర్క్‌తో ఎత్తుకుపోతోంది.

"ఆబర్న్ హిల్స్ వాళ్ళకి వద్దని చెప్పేస్తున్నాను" అన్నాను.

కత్తి ఆగింది. "ఖాయమేనా?"

"ఖాయమే. ఈ కారయ్యేదాకా లార్క్‌ఫీల్డ్‌లోనే ఉంటాను."

ఇంకో ముక్క కోశాడు. "ఎప్పటిలోగా చెప్పమన్నారు?"

"శుక్రవారం."

"ఇవాళ సోమవారమేగా."

"ఆలోచించడం అయిపోయింది కేశవా. నాన్చితే వాళ్ళకి ఇబ్బంది."

ఏదో అనబోయినట్టు నోరు తెరిచాడు. వేద వంక చూశాడు, నా వంక చూశాడు. చేతిలో టెంక ఉంది, దానికింకా బోలెడు గుజ్జుంది. దాన్ని అలాగే తొక్కల గిన్నెలో పడేసి చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. మామిడి టెంక చీకకుండా పడేసే మనిషి కాదు. ఇల్లు గొడవ ఇంకా మనసులో ఉంచుకున్నాడు కాబోలు, నా సంగతి తనకి పట్టలేదు అనుకున్నాను. లోపలికెళ్ళి ఈమెయిల్ పంపేశాను.

జూలై అంతా కేశవ సాయంత్రాలు నడకకి పోయేవాడు. మా కాలనీ చుట్టూ ఒకటే తిరుగుడు. రెండో కంచం అన్నం మానేశాడు. "షుగర్ టెస్ట్ చేయించుకో" అన్నాను. చేయించుకున్నాడు. ఏమీ లేదన్నారు.

* * *

ఆగస్టు మొదట్లో కలయికకి ప్రభుత్వం అనుమతి వచ్చింది. రెండు రోజుల తర్వాత లిండా నన్ను చిన్న కాన్ఫరెన్స్ రూమ్‌లోకి పిలిచింది. హెచ్ఆర్ ఆవిడ ఒకరు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఎవరికీ చెప్పనని ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు, తర్వాత చెప్పారు.

లివోనియా సెంటర్ డిసెంబర్‌తో మూసేస్తారు. కారు పని డెన్‌బ్రూక్ సెంటర్‌కి వెళ్ళిపోతుంది. మా టీమ్‌లో ముగ్గుర్ని తీసుకుంటారు, మిగతావాళ్ళకి ప్రకటన రోజే ఆఖరి రోజు. పని అప్పజెప్పేదాకా, అంటే డిసెంబర్ దాకా నేనుండాలి. సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే సెలవు అయ్యాక అందరికీ చెప్తారు. అప్పటిదాకా ఎవరికీ తెలియకూడదు. "ఇంట్లో కూడా" అంది హెచ్ఆర్ ఆవిడ.

ఆ ముగ్గురిలో కావ్యశ్రీ పేరు లేదు.

"ఎప్పుడు నిర్ణయించారిది?" అని అడిగాను లిండాని.

ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాకు నిన్న చెప్పారు. వాళ్ళ ప్లాంట్ కాస్ట్ గ్రూప్ మార్చిలోనే రెండు సెంటర్ల ఖర్చులూ పోల్చి చూసిందట. మనదే ఎక్కువ తేలిందట."

డెన్‌బ్రూక్ ప్లాంట్ కాస్ట్ గ్రూప్ అంటే నలుగురు మనుషులు. ఆ నలుగురికీ నేను మా ఇంట్లో దోసెలు పోసిపెట్టాను. వాళ్ళలో ఒకడు నా మొగుడు.

ఇంటికి ఎలా డ్రైవ్ చేశానో గుర్తులేదు. వేద ఇంకా రాలేదు. కేశవ ఉప్మా కలుపుతున్నాడు. నేను బ్యాగ్ కూడా దించకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఇవాళ నన్ను ఒక గదిలోకి పిలిచారు" అన్నాను.

గరిటె పక్కన పెట్టి స్టవ్ ఆపేశాడు. ఏ గది, ఎవరు, ఎందుకు అని ఒక్క ముక్క అడగలేదు.

"లెక్క నువ్వే వేశావా?"

"వేశాను" అన్నాడు. "రెండుసార్లు వేశాను. రెండోసారి, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని."

"దొరకలేదా?"

"లేదు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నువ్వు ఆ పని ఒప్పుకోకుండా ఉండాల్సింది."

"మా ఆవిడ అక్కడ పనిచేస్తుంది, నన్ను వదిలేయండి అన్నాను. నలుగురిలో ఆ లెక్కలు తెలిసినవాడిని నేనే అన్నారు. ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు."

"సరే. ఇల్లు ఆపావు. ఎందుకు ఆపావో ఇప్పుడు తెలిసింది. మరి ఆబర్న్ హిల్స్‌కి వద్దని చెప్తున్నప్పుడు నన్నెందుకు ఆపలేదు? ఈ ఇంట్లోనే కదా, వెనక డెక్ మీదే కదా నిలబడి చెప్పాను?"

కేశవ ఎదురుగా కూర్చున్నాడు. మాటలు ముందే వెతికి పెట్టుకున్నవాడిలా నెమ్మదిగా చెప్పాడు. "ఇల్లు మనిద్దరిదీ. నా సంతకం లేకుండా కొనలేం. పెట్టను అన్నాను. అలా అనే హక్కు నాకు ఎప్పుడూ ఉంది, కారణం చెప్పక్కర్లేదు. ఉద్యోగం నీది. అందులో నా సంతకానికి చోటు లేదు. ఆపాలంటే చెప్పాల్సిందే."

"చెప్పాల్సింది."

"చెప్తే నువ్వొక్కదానివే బయటపడి ఊరుకునేదానివా? నీ టీమ్ వాళ్ళకి చెప్పకుండా ఉండేదానివా?"

నాకు ఆ ప్రశ్న నచ్చలేదు. లేచి పైకి వెళ్ళిపోయాను. ఆ రోజు ఉప్మా ఎవరూ తినలేదు. వేద వచ్చి పాలల్లో సీరియల్ వేసుకుని తింది.

* * *

కేశవ ప్రశ్నకి జవాబు చెప్పుకోవలసిన అవసరం వారం తిరక్కుండానే వచ్చింది.

కావ్యశ్రీ నవ్వుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది. "జయంతిగారూ, మా తమ్ముడి పెళ్ళి ముహూర్తం పెట్టేశారు. శ్రావణమాసం దాటితే మళ్ళీ ఎప్పటికో అని తొందరపడి ఈ నెలాఖరుకే పెట్టారు. నాలుగు వారాలు లీవ్ కావాలి. పెళ్ళి చూసుకుని, హైదరాబాద్‌లో వీసా స్టాంపింగ్ కూడా చేయించుకుని ముగ్గురం వచ్చేస్తాం. టికెట్లు బుక్ చేసెయ్యనా?"

ఆమె పాస్‌పోర్ట్‌లో వీసా ముద్ర గడువు ఎప్పుడో అయిపోయింది. దేశం దాటితే కొత్త ముద్ర పడితే గానీ తిరిగి రాలేదు. ఉద్యోగం ఉంటేనే ఆ ముద్ర పడుతుంది. లేబర్ డే నాటికి ఆమె రాజమండ్రిలోనో, కాన్సులేట్ గుమ్మంలోనో ఉంటుంది. ఇక్కడే ఉంటే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి రెండు నెలల గడువైనా దొరుకుతుంది. అక్కడుంటే అదీ లేదు. ఫార్మింగ్‌టన్ హిల్స్‌లో అపార్ట్‌మెంటు, సామాను, పాప స్కూలు, అన్నీ ఇక్కడుంటాయి, వాళ్ళు ముగ్గురూ అక్కడుంటారు.

'వెళ్ళకు కావ్యా' అన్న రెండు మాటలు నాలుక చివర ఉన్నాయి. చెప్తే ఆమె మొగుడికి చెప్తుంది. చెప్పకుండా ఎలా ఉంటుంది? సాయంత్రానికి లార్క్‌ఫీల్డ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో ఉంటుంది. ఎవరి నోటి నుంచి వచ్చిందని వెతుకుతారు. నా దగ్గరికి వస్తారు, నా దగ్గర్నుంచి నేరుగా కేశవ దగ్గరికి పోతారు. మార్చి నుంచీ నోరు కుట్టుకున్న మనిషిని దొంగని చేస్తారు.

"ఈ నెల కుదరదు కావ్యా" అన్నాను.

నేను జోక్ చేస్తున్నాననుకుంది. "అదేంటి?"

"విండ్ టన్నెల్ టెస్ట్ ఉంది కదా."

"మన వినీత్ చూసుకుంటానన్నాడు. అడిగే వచ్చాను."

"వినీత్ కాదు, నువ్వుండాలి."

"ఒక్కడే తమ్ముడండీ నాకు." నవ్వు పోయింది. "పోనీ రెండు వారాలు ఇవ్వండి. స్టాంపింగ్ త్వరగా దొరికితే—"

"లీవ్‌కి నా అప్రూవల్ కావాలి. నేను ఇవ్వను."

ఆ గొంతు నాకు తెలుసు. నార్త్‌విల్ నుంచి తిరిగొస్తూ కార్లో విన్న గొంతే. ఇప్పుడు నా నోట్లోంచి వచ్చింది.

"మీరు ఇలాంటివారనుకోలేదు" అంది కావ్యశ్రీ. నా మీద లిండాకి చెప్పుకోవడానికి వెళ్ళింది. లిండా కిటికీలోంచి బయటికి చూస్తూ, మేనేజర్ నిర్ణయంలో తను కల్పించుకోనని చెప్పిందట. ఆ తర్వాత కావ్యశ్రీ నాతో ఈమెయిల్‌లో తప్ప మాట్లాడలేదు. టీమ్‌లో మిగతావాళ్ళు కూడా లంచ్‌కి నన్ను పిలవడం మానేశారు.

పెళ్ళి రోజున అక్కడి రాత్రి ముహూర్తం మాకు పొద్దున పూట పడింది. ఆ రోజే టెస్ట్. "ఇవాళ ఇంటి దగ్గర ఉండు, మధ్యాహ్నం రా" అని కావ్యశ్రీకి మెసేజ్ పెట్టాను. "అక్కర్లేదు, టెస్ట్ ఉందిగా" అని జవాబిచ్చింది.

పట్టుచీర కట్టుకుని ఆఫీసుకి వచ్చింది. ఎర్రంచు పసుపుపచ్చ చీర, జడలో ప్లాస్టిక్ మల్లెలు. ఎవరూ లేని కాన్ఫరెన్స్ రూమ్‌లో ఫోన్‌ని వాటర్ బాటిల్‌కి ఆనించి కూర్చుంది. అద్దాల గది. నేను ప్రింటర్ దగ్గరికి వెళ్తుంటే సన్నాయి వినిపించింది. ఫోన్‌లో పెళ్ళికొడుకు మొహం, వెనక ఎవరెవరో కదులుతున్నారు. ఎవరో ముసలావిడ ఫోన్‌లోకి వంగి, "నువ్వుండుంటే ఎంత బావుండేదే" అంటోంది. కావ్యశ్రీ అక్షింతలు లేని చెయ్యి ఎత్తి ఫోన్ మీద వేసినట్టు చేసింది. అప్పుడే నన్ను చూసింది. కుర్చీ అవతలికి తిప్పుకుని కూర్చుంది.

టెస్ట్ బాగా జరిగింది. ఆమె కొలతల్లో ఒక్క పొరపాటు లేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాను. కేశవతో నెల రోజులుగా సరిగ్గా మాటల్లేవు. తను లాప్‌టాప్ మూసి చూశాడు.

"ఒకళ్ళకి లీవ్ ఇవ్వలేదు" అన్నాను.

ఎవరికి అని అడగలేదు. ఎందుకని అడగలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళాడు. అక్కణ్ణుంచి, "పెరుగన్నం కలపనా?" అన్నాడు.

"కలుపు" అన్నాను.

మాగాయ ముక్క వేసి తెచ్చి నా చేతికిచ్చి, పక్కన కూర్చున్నాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే టిష్యూ పెట్టె ముందుకి జరిపాడు. వేద మెట్ల మీద సగం దాకా దిగి, మమ్మల్ని చూసి, చప్పుడు చేయకుండా మళ్ళీ పైకి వెళ్ళిపోయింది.

* * *

లేబర్ డే అయిన మర్నాడు అందరికీ చెప్పారు. అదే కెఫెటీరియా. ప్రెసిడెంట్ రాలేదు, వీడియో పంపించాడు. కావ్యశ్రీతో నేనే మాట్లాడాలి, నేనే మాట్లాడాను. ఆమె ఏడవలేదు. కాగితాలు చదువుకుని, "రెండు నెలలేగా టైమ్" అని మాత్రం అని లేచింది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగింది. ఏదో లెక్క కలుస్తున్నట్టు కనుబొమలు ముడివేసి, వెళ్ళిపోయింది.

నేను ఆబర్న్ హిల్స్ డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. చీఫ్ ఇంజనీర్ పోస్ట్ ఎప్పుడో నిండిపోయింది. ఆయన మంచివాడు, సీనియర్ ఇంజనీర్‌గా రమ్మన్నాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు నా బాస్. జనవరిలో చేరతానన్నాను. మా కొత్త కారు డెన్‌బ్రూక్ పేరుతో వస్తుందట. కావ్యశ్రీ చమత్కారానికి అన్నా, ఇంటిపేరు ఎవరిదో తేలిపోయింది. కేశవ అడిగి వేరే గ్రూప్‌కి మారాడు. ప్రమోషన్ ఇస్తామన్నారట, వద్దన్నాడు. ఆ సంగతి నాకు మూడు వారాల తర్వాత గానీ చెప్పలేదు. చెప్పకూడదని ఎవరూ అనలేదు, అలవాటైపోయిందంతే.

విషయమంతా తెలిశాక వేద, "సో, ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ సమ్మర్ మొత్తం పాడైపోయింది" అంది.

అక్టోబర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం బెల్ మోగింది. తలుపు తీస్తే కావ్యశ్రీ. చేతిలో అట్టపెట్టె.

"మా అమ్మ పంపించింది. పెళ్ళి కాజాలు. నా కోసం మళ్ళీ చేయించి, ఎవరో వస్తుంటే ఇచ్చి పంపింది" అంది. లోపలికి వచ్చి సోఫా అంచున కూర్చుంది. కొలంబస్‌లో ఉద్యోగం దొరికిందట. గడువు ఇంకా రెండు వారాలుండగా కాగితాలు మారాయట. వచ్చే శనివారం ట్రక్ మాట్లాడుకున్నారు. పాప కొత్త స్కూలు గురించి చెప్పింది. కేశవ మంచినీళ్ళు తెచ్చిచ్చి, టీ పెట్టే వంకతో వంటింట్లోకి తప్పుకున్నాడు.

నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి అడిగింది. "మీకు ముందే తెలుసు కదా?"

ఇప్పుడు అంతా బయటపడిపోయింది. చెప్పినా ఎవరూ ఏమీ అనరేమో. కానీ కాగితం మీద నా సంతకం ఇంకా ఉంది. "అప్పుడు లీవ్ కుదరలేదమ్మా" అన్నాను.

"మా ఆయన అంటాడు, మనం అప్పుడు వెళ్ళుంటే అక్కడే ఇరుక్కుపోయేవాళ్ళం, ఆవిడకి దణ్ణం పెట్టు అని." గ్లాసుని బల్ల మీద గుండ్రంగా తిప్పింది. "నిజమే. నాకు తెలుసు. కానీ తమ్ముడి పెళ్ళి ఆల్బమ్ వచ్చింది. అందులో అందరూ ఉన్నారు. ఆడపడుచు చేయాల్సినవన్నీ మా పిన్ని కూతురు చేసింది. అది చూసినప్పుడల్లా మీ మీద కోపం వస్తుంది. మీకు థాంక్స్ చెప్పాలో కోపం పెట్టుకోవాలో తెలియట్లేదు జయంతిగారూ. రెండింటిలో ఒకటైతే బావుండేది."

"రెండూ ఉంచుకో" అన్నాను. "నేనూ అలాగే ఉన్నాను ఒకరి మీద."

వంటింట్లో కప్పుల చప్పుడు ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలైంది. కావ్యశ్రీ అటు చూసింది, నా మొహం చూసింది. మొదటిసారి కొంచెం నవ్వింది. టీ తాగి, కొలంబస్ అడ్రస్ నా ఫోన్‌కి పంపి, గుమ్మం దగ్గర నన్ను గట్టిగా కావలించుకుని వెళ్ళింది.

నేను పెట్టె తెరిచాను. గొట్టం కాజాలు, పాకం ఇంకా ఆరలేదు. కేశవ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏం చెప్పావు?" అన్నాడు.

"నువ్వు నాకు చెప్పిందే."

"నేనేం చెప్పాను?"

"ఏమీ చెప్పలేదుగా. అదే."

తన నోట్లో అప్పటికే సగం కాజా ఉంది. నవ్వొచ్చి పొరపోయింది. దగ్గుతుంటే తల మీద తట్టి నీళ్ళిచ్చాను. ఆ దగ్గుకి వేద పైనుంచి, "వాట్ హాపెండ్?" అని అరిచింది.

"కిందికి రా, చెప్తాం" అన్నాడు కేశవ.